గేర్‌బాక్సు ఎలాగూ దించారుగా

అలా గోడకేసి చూస్తూ కూర్చుంటే ఎలాగండీ? ఆ గోడ మీద టైరు బొమ్మ తప్ప ఏమీ లేదు. నోరు విప్పి అవుననో కాదనో ఒక్క మాట చెప్పండి. అవతల మెకానిక్ ఆ క్లచ్ ప్లేటు చేత్తో పట్టుకుని మీ జవాబు కోసం నిలబడ్డాడు. మన కారు గాల్లో వేలాడుతోంది. ఇది ఎప్పుడు దిగుతుందా, తన వంతు ఎప్పుడొస్తుందా అని బయట ఇంకో కారు కాచుకుని ఉంది.

ఏవండీ, మిమ్మల్నే.

సరే, వినపడలేదన్నమాట. ఇంతకీ తప్పు నా గొంతుదా, మీ చెవులదా? ఏమో, మీ లెక్కలో గొంతుదే అయ్యుంటుంది. ఈమధ్య తప్పులన్నీ బయటి వస్తువులవే కదా!

అసలు అతను అడిగిందేమిటి? ఇంజను వెనకాల నూనె కారుతోంది, సీలు మార్చాలి అన్నాడు. సీలు మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి అన్నాడు. దించాడు. దించితే లోపల క్లచ్ కనిపించింది. "మాస్టారూ, గేర్‌బాక్సు ఎలాగూ దించాం కదా, పనిలో పనిగా క్లచ్ కూడా కొత్తది వేసేయమంటారా? పాతది బాగానే ఉంది, సగం కూడా అరగలేదు. మీరెలా అంటే అలా" అన్నాడు. ఇంతేనా? ఇంకేమైనా అన్నాడా? దానికి మీరు ఎవరో నడిబజారులో తిట్టినట్టు మొహం తిప్పుకుని వచ్చి ఈ బెంచీ మీద కూలబడ్డారు.

మార్చమనండి, వద్దనండి. రెంటిలో ఏదన్నా తప్పు లేదు. నాకు కార్ల సంగతి తెలీదు కానీ విప్పడం, బిగించడం తెలుసు. ఎవరిదైనా కోటు లైనింగు ఊడదీశాననుకోండి, లోపలి జేబు కూడా ఒకసారి వేళ్ళు పెట్టి చూస్తాను. నలిగి పలచబడితే అప్పుడే కొత్త జేబు వేసేస్తాను, మళ్ళీ ఎవరు విప్పుతారని. గట్టిగా ఉంటే ముట్టుకోను. గట్టిగా ఉన్న గుడ్డని కత్తిరించడానికి నాకు చెయ్యి రాదు.

ఇదీ అంతే కదా? ఏమో మరి. అంతేనో కాదో చెప్పాల్సిన మనిషి గోడకి కాపలా కాస్తున్నాడు.

అబ్బాయికి ఫోను చేశాను. చేశానండీ, చేయక ఏం చేయను? "మార్పించేయమ్మా, మళ్ళీ దింపించుకునే బాధ తప్పుతుంది" అన్నాడు. మళ్ళీ తనే, "నాన్న ఏమంటున్నారు?" అన్నాడు. ఏమీ అనడంలేదురా, గోడని చూస్తున్నారు అన్నాను. "అయితే మార్పించెయ్" అన్నాడు వెంటనే. తల నెరిసినా వాడికి మీరంటే భయం పోలేదు. వాడు నాకు సలహా చెప్పాడనుకున్నారా? తప్పించుకున్నాడు.

ఏంటీ? కొంచెం గట్టిగా అనండి.

ప్లేటు బాగుంటే సరిపోదా? దాన్ని నొక్కిపెట్టే మూత పోయి ఉంటుందా? లేకపోతే బేరింగా? అబ్బ, ఆ మాట ఇంతసేపు కడుపులో దాచుకోవడం ఎందుకు? ఉండండి, అడుగుదాం.

బాబూ! ఒక్కసారి ఇలా వస్తావా? ఆ మూతా, ఆ బేరింగూ కూడా తీసుకురా. మీ మాస్టారు చూస్తారట.

చూశారా? చూశారు కదా కళ్ళారా? ఆ వేళ్ళలాంటి పలకలు ఒక్కటి అరిగిందా? అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, నా దువ్వెన పళ్ళు కూడా అంత తిన్నగా లేవు. బేరింగు నా చెవి దగ్గర పెట్టి తిప్పాడు. చప్పుడే లేదండీ! నా కుట్టుమిషన్లో కొత్త బాబిన్ తిరిగినట్టు తిరిగింది. ఇంత చిన్న ఇనుప ముక్క అంత నున్నగా ఎలా తిరుగుతుందో, ఎవరు చేశారో, చూస్తే ముచ్చటేసింది.

మీరేమో, "బయట తిప్పితే ఏం తెలుస్తుంది, బరువు పడితే కదా తెలిసేది" అన్నారు. పాపం అతనేమన్నాడు? ముంజేత్తో తల గోక్కుని, "అయ్యుండొచ్చు మాస్టారూ" అన్నాడు. అంటూ మిమ్మల్ని చూడలేదు, నన్ను చూశాడు.

అతనొక్కడేనా! అందరూ నన్నే చూస్తారు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఎన్నాళ్ళ నుంచండీ ఈ పాట? క్లచ్ బరువు, క్లచ్ రాయి, క్లచ్ పట్టేస్తోంది. కేబుల్ మార్పించారు. పెడల్ మొదట్లో నూనె పెట్టించారు. ఆ కాలి కింద రబ్బరు ముక్క కూడా కొత్తది వేయించారు. అది వేసిన రోజున "ఇప్పుడు కొంచెం నయం" అన్నారు. నేను సంతోషించాను, పిచ్చిదాన్ని. మర్నాటికి మళ్ళీ రాయి అయిపోయింది.

పోనీ మీరు తెలియని మనిషా అంటే, కాదే! ఈ ఊళ్ళో స్టీరింగు పట్టుకున్నవాళ్ళలో సగం మంది మీ డ్రైవింగ్ స్కూల్లోంచే కదా వచ్చారు. పక్కసీట్లో మీ కాళ్ళ దగ్గర కూడా క్లచ్, బ్రేకూ పెట్టించుకుని, వాళ్ళు బెదిరేలోపే తొక్కేసేవారు. వాళ్ళకి తెలిసేది కాదు, బండి దానంతటదే ఆగిందనుకునేవాళ్ళు. "క్లచ్ మీద ఊరికే కాలు ఆనించి ఉంచకురా, అదేమన్నా మీ ఇంటి పీటా?" అని మీరు అరిస్తే వీధి చివర మిషను తొక్కుకుంటున్న నాకు వినపడేది. ఈ మెకానిక్ కూడా ఆ తిట్లు తిన్నవాడే. అతనికి ఇప్పుడు సొంత షెడ్డు ఉంది, ముగ్గురు పనివాళ్ళున్నారు. అయినా మీరు లోపలికి రాగానే చేతిలో రెంచీ పక్కన పెట్టేసి నిలబడ్డాడు.

అలాంటివాడు మీ మొహం మీద ఏం చెప్తాడు? "మాస్టారూ, క్లచ్ బాగుందండీ" అని చెప్పడానికే అతనికి చెమటలు పట్టాయి.

బాగుందనగానే మీరెందుకు అలా అయిపోయారండీ? కారు పాడయిపోయిందంటే బాధపడేవాళ్ళని చూశాను. బాగుందంటే బాధపడే మనిషిని మిమ్మల్నే చూస్తున్నాను.

మొన్న బడి ముందు జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. మీరూ చెప్పలేదు. మనవరాలు చెప్పింది. పిల్ల కదా, చెప్పకుండా ఉంటుందా? "తాతయ్య కారు కప్పలా గెంతింది" అని నవ్వుకుంటూ వాళ్ళమ్మకి చెప్పింది. కోడలు నవ్వలేదు.

నేనూ నవ్వను. ముందు సీట్లో కూర్చున్నది నేను. ఆ ఎత్తు రోడ్డు మీద పిల్లల్ని దాటించే ఆమె చెయ్యెత్తి మనల్ని ఆపింది. మీరు ఆపారు. బాగానే ఆపారు. పిల్లలు దాటుతున్నారు. ఒక పాప సరిగ్గా మన ముందర నిలబడి, వంగి జోడు సరిచేసుకుంటోంది. దాని జడల రిబ్బన్లు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి, ఒకటి పైకి, ఒకటి కిందికి. అప్పుడు కదా కారు గెంతింది! ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మనవరాలి నీళ్ళ సీసా దొర్లుకుంటూ వచ్చి నా పాదాలకి తగిలింది. ఆ పాపకీ మన కారుకీ మధ్య ఒక చీర మడత పట్టేంత ఖాళీ ఉందేమో. ఆ దాటించే ఆమె చేతిలో 'ఆగండి' అని రాసిన పలక కిందపడింది. మీరు అద్దం దించి "క్లచ్ జారిందమ్మా, క్లచ్" అన్నారు.

ఆమె కూడా, "పర్లేదు మాస్టారూ" అంది. తను కూడా మీ దగ్గర నేర్చుకుందట!

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈ ఊళ్ళో మిమ్మల్ని తిట్టడానికి ఒక్కళ్ళయినా మిగల్లేదా అనిపించింది.

ఆ మర్నాటి నుంచి కోడలు పిల్లని తనే దింపుతోంది. "మా ఆఫీసు దారే కదా మామయ్యా, మీకెందుకు శ్రమ" అంది. మీరు సరే అన్నారు. దాని ఆఫీసు ఎటుందో మీకు తెలీదా? ఊరికి ఆ చివర! అది రోజూ అంత చుట్టు తిరిగి వెళ్తోంది, మీకొక్క మాట చెప్పలేక. మీరు కూడా తెలిసే ఊరుకున్నారు. అందరూ మర్యాదస్తులే. ఈ మర్యాదల మధ్య నేనే నలిగిపోతున్నాను.

కాలు లోపలికి పెట్టుకోకండి. నాకు ముందే కనపడింది.

ఎడంకాలి జోడు. చూడండి, కుడిది కొత్తదానిలా ఉంది. ఎడమది బొటనవేలి దగ్గర అరిగి పలచబడిపోయింది. ఈడుస్తున్నారు. మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగుతున్నారు. నేను వెనకాల వస్తుంటే ఫోను చూసుకుంటున్నట్టు ఆగుతారు, నన్ను ముందు దిగమంటారు. గుడ్డ ఎక్కడ నలుగుతుందో చూసి మనిషి ఎటు వాలి కూర్చుంటాడో చెప్పేదాన్ని, మీ ప్యాంటు ఎడమ అంచు చిరుగులు ఎన్నిసార్లు కుట్టానో నాకు తెలీదా?

ప్లేటు అరగలేదండీ. మీ జోడు అరిగింది.

సరే, సరే. అరవకండి, అందరూ చూస్తున్నారు. "జోడు సంగతి ఇక్కడెందుకు" అంటే ఇంకెక్కడ మాట్లాడను? ఇంట్లో మాట తీస్తే పేపరు అడ్డం పెట్టుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, "క్లచ్ బాగయితే కాలు నొప్పి అదే పోతుంది" అంటారు. క్లచ్ వల్ల కాలు పాడయిందా, కాలు వల్ల క్లచ్ మీద నింద పడిందా?

అదిగో, మళ్ళీ గోడ.

అయ్యా, నేను ఓడిపోయాను. మీతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు, నేనెంత. మీకు కొత్తదే కావాలి కదా? వేయిద్దాం. ఎలాగూ దించారు. మళ్ళీ దించే బాధ ఉండదు. అబ్బాయీ అదే అన్నాడు, అతనూ అదే అడిగాడు. అందరికీ మర్యాదగా ఉంటుంది.

బాబూ! కొత్తది వేసెయ్! అవును, మాస్టారు సరే అన్నారు. మొత్తం, బేరింగుతో సహా.

అదిగో, మొహంలోకి రక్తం వచ్చింది. ఇందాకటి నుంచి ఈ మనిషి ఎక్కడికి పోయాడండీ? "నట్లు ఎదురెదురుగా బిగించరా, ఒక పక్క నుంచి బిగించుకుంటూ పోకు" అట! అతనికి తెలీదూ? అయినా చూడండి, మీరు అలా అదిలిస్తే అతనికి ఎంత సంతోషమో. పళ్ళన్నీ బయటపెట్టి "అలాగే మాస్టారూ" అంటున్నాడు. అతని మాస్టారు అతనికి దొరికాడు, నా ముసలాయన నాకు దొరికాడు. ఇంక నాకేం కావాలి? టీ తెప్పించమంటారా?

ఏమన్నారు?

మళ్ళీ అనండి.

రేపటి నుంచి పిల్లని మీరే దింపుతారా? కోడల్ని ఇంక శ్రమపడొద్దని చెప్పాలా?

ఉండండి, ఒక్క నిమిషం.

బాబూ, ఆగు. ఆ కొత్త డబ్బా విప్పకు. పక్కన పెట్టు. లేదయ్యా, మాస్టారు కాదు, నేను చెప్తున్నాను. మీ పనివాళ్ళని కూడా తీసుకుని కాసేపు అలా బయటికి వెళ్ళిరా నాయనా.

మీరు కూర్చోండి. చెయ్యి బెంచీ మీద ఆనించి నెమ్మదిగా కూర్చోండి, ఇక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

నేను అక్షరాలు నేర్చుకున్న రోజులు గుర్తున్నాయా? పిల్లలు పెద్దయ్యాక, మీ క్లాసులన్నీ అయిపోయాక, ఆ డ్రైవింగ్ స్కూలు కార్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నడక కంటే నెమ్మదిగా పోనిచ్చేవారు. దుకాణాల బోర్డులు చదివించేవారు. వెనకాల హారన్లు కొట్టేవాళ్ళు, "కొట్టనీ, ఇది బడి" అనేవారు. నేను మొదటిసారి నా అంతట నేను చదివింది మన కారు వెనకాల రాసిన మాటే. "దూరం పాటించండి." ఎవరికండీ ఇది అంటే, "నీకు కాదులే" అన్నారు. ఆ మాటకి ఎన్నాళ్ళు మురిసిపోయానో!

ఆ రోజుల్లో నేను ఏం రాసినా అందరూ మెచ్చుకునేవాళ్ళు. "ఈ వయసులో ఇంత రావడమే గొప్ప" అని మా అక్క అంది, అబ్బాయి అన్నాడు, పక్కింటివాళ్ళు అన్నారు. అక్షరం తలకిందులుగా రాసినా చప్పట్లే. మీరొక్కరే తీసి చూసి, "తప్పు. మళ్ళీ రాయి" అన్నారు. నాకెంత ఏడుపొచ్చిందో! వంటింట్లోకి పోయి ఏడ్చాను. తర్వాత కూర్చుని మళ్ళీ రాశాను. అందరిలాగా మీరూ చప్పట్లు కొట్టి ఉంటే ఇవాళ్టికీ నేను బోర్డుల్ని బొమ్మల్లా చూసేదాన్ని.

అందుకని వినండి.

పొద్దున మనం వచ్చాక మీరు మొహం కడుక్కోవడానికి వెళ్ళారు కదా. అప్పటికి గేర్‌బాక్సు ఇంకా దించలేదు. మెకానిక్ కారు కింద పడుకుని ఉన్నాడు. "అమ్మా, నేను కింద నుంచి చూస్తాను, ఎవరైనా క్లచ్ ఒకసారి తొక్కుతారా" అన్నాడు. పనివాళ్ళు ఇంకా రాలేదు. నేనే ఎక్కి మీ సీట్లో కూర్చున్నాను.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోగానే ఆశ్చర్యపోయాను. నాకు సరిగ్గా సరిపోయింది! మీ భుజం దగ్గరికి వచ్చే మనిషిని, నా కాళ్ళు సులువుగా అందాయి. సీటు అంత ముందుకి జరిపేసుకున్నారా మీరు? స్టీరింగు పొట్టకి గుచ్చుకోవడంలేదూ? వీపు వెనకాల ఆ దిండు కూడా ఉంది. నేను నడుంనొప్పి అనుకున్నాను. కాలు అందక పెట్టుకున్నారని అనుకోలేదు.

తొక్కాను.

మెత్తగా దిగింది.

మనం అనుకున్న రాయి ఎక్కడా లేదండీ. నా కాలిమిషను కంటే మెత్తగా, దూదిలో దిగినట్టు దిగింది. నేనేదో తప్పు పెడల్ తొక్కానేమో అనుకున్నాను. "ఇంకోసారి అమ్మా" అన్నాడు కింద నుంచి. ఇంకోసారి తొక్కాను. అలాగే దిగింది. అతను బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను చూశాడు. నేనూ చూశాను. ఇంతలో మీరు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చారు, ఎడంకాలు ఈడ్చుకుంటూ.

కొత్త క్లచ్ వేయమంటారా అని అతను అడిగింది దేనికనుకున్నారు? మీకు దారి ఇవ్వడానికి. నేను సరే అన్నదీ అందుకే. కొత్తది వేయిస్తే మీ మాట నిలబడుతుంది, కొన్నాళ్ళు ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, ఈలోగా ఎలాగో నచ్చజెప్పి డాక్టరుకి చూపిద్దాం అనుకున్నాను. మంచి ఉపాయం అనుకున్నాను. మీరు "రేపటి నుంచి పిల్లని నేనే" అనేదాకా నా ఉపాయం నాకే బాగుంది.

ఆ రిబ్బన్లు కనిపించాయి నాకు. ఒకటి పైకి, ఒకటి కిందికి.

పాత క్లచ్చే బిగించమని చెప్తాను. దాని తప్పేమీ లేదు, దాన్నెందుకు పారేయడం? కారు ఇక్కడే ఉండనివ్వండి. ఇక్కణ్ణించి తిన్నగా ఆసుపత్రికి పోదాం. మెకానిక్ దింపుతాడు, ఇందాక అబ్బాయికి ఫోను చేయడానికి లేచినప్పుడే అడిగి ఉంచాను, మీరు ఎప్పుడు ఒప్పుకుంటే అప్పుడు పనికొస్తుందని. అవునండీ, మీకు తెలీకుండానే. అదీ చెప్పేస్తున్నాను. ముందు కాలు చూడనివ్వండి. కాలు బాగవుతుందంటే అప్పుడు చూద్దాం తాళం ఎవరి దగ్గరుండాలో. ఈలోగా ఆ తాళం ఇలా ఇవ్వండి.

ఇవ్వండి.

కోపమొచ్చిందా? రానివ్వండి. నేను పడతాను. ఈ ఊళ్ళో ఎవరిని చూసినా మీ శిష్యులే. కొడుకు, కోడలు, ఆ బడి దగ్గర ఆమె, ఈ మెకానిక్, చివరికి ఆ డాక్టరు కూడా మీ దగ్గర నేర్చుకున్నవాడేనట. ఒక్కళ్ళకీ నోరు రాదు. మీ దగ్గర బండి నేర్చుకోనిదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఏం చేస్తాం, ఈ మాట చెప్పే పని నాకే పడింది.